ఆ కుక్కకు మీరు తప్ప ఎవరూ లేరా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రెండేళ్ల కిందట మీరు ఆ అద్దె ఇంట్లో దిగేనాటికే ఆ కుక్క ఆ వీధిలో ఉంది. మొదట మిగిలిన చారన్నం పెట్టారు, తర్వాత పేరు పెట్టారు, ఇప్పుడది మీ గేటు ముందే పడుకుంటోంది. వచ్చే నెలలో మీరు ఊరికి ఆ చివర ఐదో అంతస్తు ఫ్లాటుకు మారుతున్నారు. వెంట తీసుకెళ్దామని మీ అమ్మాయి పట్టుబడుతోంది. ఏదైనా షెల్టరులో చేర్పిద్దామని మీవారు అంటున్నారు. "దానికి మేము తప్ప ఎవరూ లేరు, మేము వెళ్లిపోతే ఏమైపోతుందో" అని రాసి అక్కడితో ఆపేశారు.

నేను పశువైద్యుడిగా ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాను. చివరి పన్నెండేళ్లు దాదాపుగా వీధి కుక్కల ఆపరేషన్లతోనే గడిచాయి. పట్టి తెచ్చిన కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, పట్టిన చోటే వదిలించడం నా పని. ఆ పనిలో నాకు బాగా తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. వీధి కుక్కకు యజమాని ఉండడు, నిజమే. కానీ తనవాళ్లంటూ, తన చోటంటూ లేని వీధి కుక్కను నేను చూసింది చాలా తక్కువ. అందుకే మీరు ఆపేసిన మాట దగ్గరే మొదలుపెడతాను. దానికి నిజంగా మీరు తప్ప ఎవరూ లేరా అన్నది తేల్చుకోకుండా దయచేసి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

గుంటూరు బ్రాడీపేటలో వీధులను అంకెలతో చెబుతారు. ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అంటే చాలు, ఇల్లు దొరుకుతుంది. అక్కడ ఒక గోధుమరంగు ఆడకుక్క ఉండేది. కుడి ముందుకాలు మాత్రం మడమ దాకా సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా ఉండేది. అప్పటికే రెండుసార్లు ఈనింది. కుక్కలు పట్టేవాళ్లు మూడుసార్లు వల తెస్తే మూడుసార్లూ తప్పించుకుపోయింది. నెమ్మదిగా మచ్చిక చేసి పట్టుకుందామని ఒకరోజు తెల్లవారుజామున నేనే వెళ్లాను.

పాలప్యాకెట్లు అమ్మే ఆవిడను అడిగాను. "లక్ష్మి గురించేనా సార్? రోజూ ఐదింటికి నాకంటే ముందే వచ్చి కూర్చుంటుంది. పాపం, దానికి నేను తప్ప ఎవరున్నారు?" అంది. పది గంటలకు ఆ కుక్క రోడ్డు దాటి ఇస్త్రీ బండి కిందికి చేరింది. బండి ఆయన దాన్ని చుక్క అని పిలుస్తాడు. మధ్యాహ్నం ఆయన క్యారియరులో పెరుగన్నం చివరి ముద్ద దానిదే. "నేను రాని రోజు ఇది పస్తే సార్" అన్నాడు. సాయంత్రం ఆడపిల్లల హాస్టలు మెట్ల దగ్గర అదే కుక్క పేరు బిస్కెట్. నా చేతిలో తాడు చూసి ఒక అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. "తీసుకెళ్లకండి అంకుల్, మేము తప్ప దానికి దిక్కు లేదు."

ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. తమ గుమ్మం ముందు, తమకు కనబడిన వేళలో చూసిందే చెప్పారు. మూడు పేర్లనూ, మూడు వేళలనూ, ముగ్గురి అడుగుల చప్పుడునూ ఒకచోట పెట్టుకున్నది ఆ కుక్క ఒక్కటే. ఆ రాత్రి అది ఒక ఏటీఎం గుమ్మంలో చుట్టచుట్టుకుని పడుకోవడం కూడా చూశాను. అక్కడి కాపలా మనిషి దానికి పేరేమీ పెట్టలేదు. అట్టపెట్టె ఒకటి చింపి తన కుర్చీ పక్కన పరిచి ఉంచాడు, అంతే.

మర్నాడు ఇస్త్రీ ఆయనే దాన్ని ఎత్తి మా బండిలో ఎక్కించాడు. ఆపరేషన్ తర్వాత నాలుగు రోజులు మా దగ్గర ఉంచుకుని, ఐదో రోజు పొద్దున్నే ఆ అడ్డరోడ్డు మొదట్లో వదిలాం. బోను తలుపు తీయగానే పరుగు తీస్తుందనుకున్నాను. తీయలేదు. దిగి ఒళ్లు విదిల్చుకుని, కరెంటు స్తంభం మొదట్లో ముక్కు పెట్టింది. ఒక నిమిషం పైనే వాసన చూసింది. తను లేని రోజుల్లో ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో అక్కడే తెలుస్తుంది దానికి. ఆ పైన తన గుర్తు తాను వేసి ఇస్త్రీ బండి వైపు నడిచింది. ఆయన ఇంకా రాలేదు. బండి కింద నేల మీద మూడు చుట్లు తిరిగి, కుట్లు వేసిన పక్క పైకి ఉండేలా ఒత్తిగిలి పడుకుని, రోడ్డు చివరి వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇక మీ కుక్క సంగతి. అది ఎక్కడ పుట్టిందో తెలియదన్నారు. ఎప్పుడు పుట్టి ఉంటుందో నేను ఊహించగలను. మన పెద్దవాళ్లు 'చిత్తకార్తె కుక్కలు' అని ఊరికే అనలేదు. ఆ కార్తె అక్టోబరులో వస్తుంది. కుక్కలు ఏడాది పొడవునా ఈనుతాయి గానీ, ఎక్కువగా జతకట్టేది ఆ రోజుల్లోనే. కుక్క గర్భం సుమారు 63 రోజులు. లెక్క వేస్తే, పిల్లలు పుట్టేది డిసెంబరులో, ధనుర్మాసపు చలిలో. పదీ పద్నాలుగు రోజులకు కళ్లు తెరుస్తాయి. సంక్రాంతికి ఆడపిల్లలు ముగ్గులు పెడుతుంటే తూలుతూ వచ్చి రంగులు తొక్కేవి ఆ పిల్లలే. తల్లి ఎక్కడో దూరంగా, మనుషుల అలికిడి లేనిచోట ఈనుతుందనుకుంటాం గానీ, అది వెతుక్కునేది మనిషి దాపునే. కట్టుబడి ఆగిన ఇంట్లో ఇసుక కుప్ప, కల్వర్టు తూము, కదలకుండా పడి ఉన్న పాత కారు అడుగు, ఎవరింటి మెట్ల కిందో ఖాళీ.

ఆ పిల్లల్లో పెద్దయ్యేవి ఎన్ని? కోల్‌కతా దగ్గరి ఐసర్ విద్యాసంస్థలో అనిందితా భద్ర బృందం వీధి కుక్కల మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది. 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లలను వాళ్లు వీధుల్లోనే గమనించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. ఏడో నెల దాకా బతికినవి నూటికి 19. మరణాల్లో 63 శాతం మనుషుల ప్రమేయం వల్లే జరిగాయి. ఆ అంకెలు చూసి నేను ఆశ్చర్యపోలేదు. నా కళ్లతో చూసిన లెక్కా అంతే. రక్తవిరేచనాలతో పార్వో ఒకటి రెండు రోజుల్లో తీసుకుపోతుంది. డిస్టెంపరు వస్తే మొదట ముక్కు, కళ్లు కారతాయి, తర్వాత వణుకుడు పట్టుకుంటుంది. చలికి వెచ్చగా ఉంటుందని కారు చక్రం పక్కన పడుకున్న పిల్ల పొద్దున్నే బండి కదలగానే నలిగిపోతుంది. (ఇది చదివే వాళ్లందరికీ ఒక్క విన్నపం. చలికాలంలో కారు తీసేముందు కిందికి ఒకసారి వంగి చూడండి.)

అంటే మీ గేటు ముందున్నది ఐదింటిలో ఒకటిగా మిగిలిన ప్రాణం. అది ఒంటరిగా మిగల్లేదు. ఎవరో ఒకరు దాన్ని మిగిల్చారు. చెయ్యి చాపితే తల వంచుకుని దగ్గరికి వస్తుందని, మీ అమ్మాయి మెడ చుట్టూ చేతులు వేసినా బెదరదని రాశారు కదా. కుక్కపిల్ల మనసు మనుషులకు తెరుచుకునే కాలం ఒకటుంది. మూడో వారంలో మొదలై పన్నెండు, పద్నాలుగు వారాలతో దాదాపు ముగుస్తుంది. ఆ రోజుల్లో మనిషి చెయ్యి తగలని పిల్ల జీవితాంతం మనిషికి ఆరడుగుల దూరంలోనే బతుకుతుంది. అన్నం తింటుంది, చెయ్యి మాత్రం వేయనివ్వదు. మీది వేయనిస్తోందంటే, మీరు ఆ ఇంటికి రాకముందే, అది అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడే, ఎవరో దాన్ని ఎత్తుకుని తిప్పారు. బడికి వెళ్లే పిల్లలు కావచ్చు. ఎదురింటి ముసలాయన కావచ్చు. వాళ్లు ఇంకా ఆ వీధిలోనే ఉండి ఉండవచ్చు.

ఈ చేరువ నిన్న మొన్నటిది కాదు. జర్మనీలో బాన్ నగరం దగ్గర 1914లో రాతి గని తవ్వుతుంటే పాతిపెట్టిన ఇద్దరు మనుషుల ఎముకలు, వాటితో పాటు ఒక కుక్క ఎముకలు బయటపడ్డాయి. సుమారు పద్నాలుగు వేల ఏళ్ల నాటివి. ఆ కుక్క పళ్లను పరీక్షించిన నిపుణులు అది ఏడు నెలల పిల్ల అని, అంతకుముందు డిస్టెంపరుతో వారాల తరబడి తీసుకున్నదని 2018లో తేల్చారు. డిస్టెంపరు వచ్చిన పిల్లకు సేవ చేయడమంటే ఏమిటో నాకు తెలుసు. గంటగంటకూ తడిగుడ్డతో కళ్లు, ముక్కు తుడవాలి. గుటక వేసేంత ఓపిక కూడా లేకపోతే నీళ్లు చుక్కచుక్కగా పోయాలి. మలమూత్రాలు ఎత్తాలి. అన్ని వేల ఏళ్ల కిందట, వేటకు పనికిరాని ఒక జబ్బు పిల్లకు ఎవరో ఆ సేవ చేశారు. చనిపోయాక తమవాళ్లతోనే పాతిపెట్టారు. మా ఆపరేషన్ గదిలో బల్ల మీద వణుకుతున్న పిల్లను పట్టుకున్నప్పుడల్లా ఆ చేతులు నాకు గుర్తుకొచ్చేవి.

సరే, పిల్ల బతికింది. ఏడాదిలోపు దానికి రెండో గండం వస్తుంది. పుట్టిన వీధిలో పెద్ద కుక్కలు దాన్ని అంతవరకూ పిల్లగా చూసి వదిలేసేవి, ఇప్పుడు పోటీగా చూస్తాయి. మగపిల్లలు చాలావరకు పుట్టిన చోటు వదిలి పోవలసివస్తుంది. ఏ వీధిలో అడుగుపెట్టినా నాలుగు కుక్కలు చుట్టుముడతాయి. అప్పుడది తోక కాళ్ల మధ్యకు ముడిచి, వెల్లకిలా పడి పొట్ట చూపిస్తుంది. 'మీ మీదికి రాలేదు, ఉండనివ్వండి' అని దాని భాష. కొన్ని వీధులు తరిమేస్తాయి. ఒక వీధి ఏదో ఉండనిస్తుంది, చివర, చెత్తకుండీ పక్కన. మెల్లగా నడివీధికి జరుగుతుంది. ఒక గుమ్మంలో పిడికెడు అన్నం దొరుకుతుంది, మర్నాడు అదే వేళకు అక్కడికే వస్తుంది. రాత్రి కొత్త మనిషి వస్తే తక్కిన కుక్కలతో కలిసి మొరుగుతుంది. అలా మొరిగిన మొదటి రాత్రి నుంచే అది ఆ వీధి కుక్క. ఆ వీధి దానికి చిరునామా అవుతుంది. ఆ చిరునామా చెరిపేస్తే ఏమవుతుందో చెబుతాను.

నేను అంతకుముందు పనిచేసిన ఇంకో ఊళ్లో జరిగింది. ఆ రోజు ఇరవై రెండు కుక్కలను తిరిగి వదలాలి. బండి మీద వెళ్లినవాళ్లు చీకటి పడుతోందన్న తొందరలో, ఏ కుక్క ఏ వీధిదో రాసిన కాగితం పక్కన పెట్టి, అన్నింటినీ ఊరి బయట బైపాస్ దగ్గర వదిలేసి వచ్చారు. నాకు మర్నాడు తెలిసింది. వెంట వెళ్లాల్సినవాణ్ణి, వెళ్లలేదు. ఆ తప్పులో నా వంతు ఉంది, ఇన్నేళ్లైనా అది నన్ను వదల్లేదు. నేనూ ఇద్దరు కుర్రాళ్లూ మూడు రోజులు తిరిగి తొమ్మిదింటిని వెతికి పట్టుకోగలిగాం. రెండు రోడ్డు మీదే చనిపోయి కనిపించాయి.

ఆ ఇరవై రెండింటిలో ఒక నల్లటి మగకుక్క ఒక సైకిల్ రిపేరు షాపుది. అది మాకు దొరకలేదు. షాపు పెద్దాయన రోజూ ఆసుపత్రికి వచ్చి, ఏమీ అడగకుండా గేటు దగ్గర నిలబడి వెళ్లిపోయేవారు. ఆయన ముఖం చూడలేకపోయేవాణ్ణి. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆయనే కబురు పంపారు. నేను వెళ్లేసరికి ఆ కుక్క షాపు ముందు, పాత ట్యూబులు వేలాడదీసే కొక్కెం కింద పడుకుని ఉంది. బైపాసు నుంచి ఆ షాపుకు పదకొండు కిలోమీటర్లు. మధ్యలో ఒక కాలువ, రెండు మార్కెట్లు, కనీసం పాతిక వీధుల కుక్కలు. నాలుగు పాదాల మెత్తలూ ఊడి కింద ఎర్రటి మాంసం కనబడుతోంది. ఎడమ చెవి సగానికి చీలింది. మెడ మీది గాయంలో పురుగులు పడ్డాయి. ఆయన ఒక గోనెపట్టా మడతపెట్టి దాని కింద వేశారు. నేను పురుగులు తీస్తున్నంతసేపూ ఆయన దాని తల తన తొడ మీద పెట్టుకుని కూర్చున్నారు. అది ఒక్కసారి కూడా నా చేతి మీదికి రాలేదు. నొప్పికి ఆయన పంచె అంచు పళ్లతో పట్టుకుంది, అంతే. తిండి కోసమే అయితే దారిలో అన్ని మార్కెట్లు దాటి రావాల్సిన పనిలేదు దానికి.

2017లో ఆ కోల్‌కతా బృందమే వెలువరించిన ఇంకో అధ్యయనం ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషి వీధి కుక్కకు కొన్నాళ్లు తిండి పెడితే ఒక తీరు, తల నిమిరితే ఒక తీరు. నాలుగైదుసార్లు కలిశాక కుక్కలు ఎక్కువగా నమ్మి దగ్గరైంది నిమిరిన మనిషికే. నాకు ఈ మాట చదివినప్పుడు ఆ పంచె అంచు గుర్తొచ్చింది.

పట్టిన చోటే వదలాలన్నది మా దయ కాదు, చట్టం. 2001 నాటి కుక్కల సంతాన నియంత్రణ నిబంధనల్లో ఉంది, వాటి స్థానంలో 2023లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ ఉంది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ కుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించినప్పుడు దేశమంతా అట్టుడికింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి, రేబీస్ ఉన్నవి, ఉన్నట్టు అనుమానమున్నవి, మీదపడి కరిచే స్వభావం ఉన్నవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక తెచ్చిన చోటే వదలమంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల పట్టినవాటిని తిరిగి అక్కడే వదలవద్దని చెప్పింది. పిల్లలు తిరిగే బడి ఆవరణ విషయంలో తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. కుక్క కాటుకు బలైన పిల్లల ఇళ్లకు నేను వెళ్లాను, ఆ తల్లుల ముందు కుక్కల గురించి మాట్లాడే నోరు నాకు లేదు. అందుకే చెబుతున్నాను, ఊరి కుక్కల మీద ప్రేమ ఉన్నవాళ్లే టీకా, ఆపరేషన్ల విషయంలో అందరికంటే ముందుండాలి.

ఇప్పుడు మీ ముగ్గురి మాటల సంగతి చూద్దాం.

షెల్టరు వద్దు. మీవారు మంచి మనసుతోనే అన్నారు, అయినా వద్దు. కాళ్లు విరిగినవాటికి, చూపు పోయినవాటికి, ముసలితనంలో వీధిలో నెగ్గుకురాలేని వాటికి షెల్టరు వరం. ఆరోగ్యంగా, తన వీధిలో తాను బతుకుతున్న కుక్కకు అది చెర. ఒకే ఆవరణలో పదుల కొద్దీ ముఖం తెలియని కుక్కలు. ఒకదానికి జబ్బు వస్తే అన్నింటికీ వస్తుంది. బాగా నడిపే షెల్టర్లలో కూడా కొత్తగా వచ్చిన పెద్ద కుక్క తిండి మానేసి మూలకు చేరడం నేను ఎన్నోసార్లు చూశాను.

మీ అమ్మాయి మాట కొట్టిపారేయకండి. వీధి కుక్క ఇంట్లో ఇమడదని చాలామంది అంటారు, అది నిజం కాదు. కొన్ని ఎంత హాయిగా ఇముడుతాయంటే, పుట్టిందే సోఫా మీదా అనిపిస్తుంది. కాకపోతే ఏ కుక్క ఇముడుతుందో ముందే చూసుకోవాలి. ఈ వారం రోజులు మీరు దానికి అన్నం పెట్టడంతో పాటు దాన్ని గమనించండి. పొద్దున మీ గేటు ముందు లేని వేళల్లో ఎక్కడికి వెళుతోంది? మీరు పెట్టిన పేరుకు కాక ఇంకే పేరుకైనా తోక ఊపుతోందా? పక్కింటివాళ్లను, చివరి కిరాణా కొట్టు ఆయనను, రాత్రి కాపలా మనిషిని నేరుగా అడగండి. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. గేటు లోపలికి పిలిచి, మీరు పక్కనే కూర్చుని, ఓ పావుగంట గేటు మూసి చూడండి. పడుకుని కళ్లు మూసుకుంటే ఒక సమాధానం. గేటుకూ మెట్లకూ మధ్య పచార్లు చేస్తూ నోరు తెరిచి రొప్పుతుంటే ఇంకో సమాధానం. వీధిలో కుక్కలు మొరిగినప్పుడు చెవులు రిక్కించి పరుగెత్తేదానికి ఐదో అంతస్తు శిక్ష. తక్కిన కుక్కలు తరిమితే మీ గేటు కిందికి దూరేదానికి, వాన చినుకు పడగానే మీ మెట్లెక్కేదానికి ఐదో అంతస్తు స్వర్గం.

తీసుకెళ్లాలనే తేలితే ఈ నెల రోజులూ వృథా చేయకండి. ముందు మెడపట్టీ వేసి రెండు మూడు రోజులు అలాగే తిరగనివ్వండి. తర్వాత తాడు కట్టి అన్నం పెట్టే వేళలో మాత్రం పట్టుకోండి. ఆ తర్వాత వీధి చివరి దాకా నడక. మెడపట్టీ ఒక్కటే సరిపోదు, వెనక్కి గుంజితే తల జారిపోతుంది. ఛాతీ చుట్టూ వేసే పట్టీ కూడా ఉండాలి. కొత్త చోట కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే, ఆ సైకిల్ షాపు కుక్కలా అవి పాత వీధి వెతుక్కుంటూ బయలుదేరతాయి. సామాను సర్దుకున్నాకే దాన్ని తీసుకెళ్లండి, సర్దుతున్న గందరగోళంలో కాదు. అది పడుకునే గోనెపట్టానో పాత దుప్పటో ఉతక్కుండా అలాగే తీసుకెళ్లండి, దాని వాసనే దానికి ఇల్లు. మొదటి రోజు మూత్రం కూడా పోయకపోవచ్చు, నున్నటి బండల మీద దానికి అలవాటు లేదు. మట్టి నేల దొరికే చోటికి తీసుకెళ్లి ఓపిగ్గా నిలబడండి. పెంపుడు కుక్కను ఉంచుకోవద్దని అపార్ట్‌మెంటు సంఘాలు నిషేధించడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అయినా ముందే వెళ్లి, టీకా కార్డు చూపించి, మంచిగా మాట్లాడి రండి. లిఫ్టులో పట్టీ పొట్టిగా పట్టుకోండి.

వదిలి వెళ్లాలనే తేలితే, అది ద్రోహం కాదమ్మా. అప్పగింతలు సరిగా చేయకపోతేనే ద్రోహం. దాన్ని ఇంకో పేరుతో పిలిచే మనిషి ఎవరో ఈ వారంలో మీకు తెలుస్తుంది. వాళ్లతో కూర్చుని మాట్లాడండి. పది రోజుల ముందు నుంచి మీరు వండిన అన్నమే వాళ్ల చేత, వాళ్ల గుమ్మం పక్కన పెట్టించండి. పిల్లలు ఆడుకునే చోటికీ, మెట్లకూ, రాకపోకల దారికీ కాస్త దూరంగా చూసుకోండి, ఇరుగుపొరుగుతో తగవు రాదు. 2023 నిబంధనలు చెప్పేదీ ఇదే. ఉల్లిపాయ లేని అన్నం, పెరుగు, ఉడికించిన గుడ్డు చాలు. ఉడికిన కోడి ఎముకలు విరిగి గొంతులో గుచ్చుకుంటాయి, అవి వద్దు. బిస్కెట్లు ముద్దుకు ఒకటి రెండు పెట్టవచ్చు గానీ అది భోజనం కాదు. ఒక సిమెంటు తొట్టి కొని ఆ గుమ్మం ముందు పెట్టించి వెళ్లండి, ఎండాకాలం మీరు లేకున్నా నీళ్లుంటాయి.

ఒక్కటి మాత్రం చేయకండి. మరిచిపోతుందని, వెంటపడకుండా ఉంటుందని, వెళ్లే ముందు రోజుల్లో కసురుకోవడం, చిన్న రాయి విసరడం కొందరు చేస్తారు. ఏడుస్తూ చేస్తారు. అది మిమ్మల్ని మరిచిపోదు. మనుషుల చేతులంటే భయం నేర్చుకుంటుంది, ఆ భయంతో రేపు ఇంకెవరినో కరుస్తుంది. వెళ్లే రోజు ఎప్పటిలాగే తల నిమిరి వెళ్లండి. ఆ తర్వాత వారానికోసారి వచ్చి చూసినా తప్పులేదు.

తీసుకెళ్లినా, వదిలి వెళ్లినా, ఈ నెలలోనే చేయాల్సిన పని ఒకటుంది. దాని చెవులు చూడండి. ఒక చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టు. లేకపోతే స్థానిక పశువైద్యశాలలో అడిగి చేయించండి. అది ఆడదో మగదో మీరు రాయలేదు. ఆడదైతే ఇంకా తొందర, చిత్తకార్తె దాకా ఆగవద్దు. రేబీస్ టీకా ఎప్పుడు వేశారో తెలియకపోతే వేయలేదనే అనుకోండి. ఏటా వేయించాలి, ఆ బాధ్యత ఎవరిదో అప్పగింతల్లో తేల్చుకోండి. మీ అమ్మాయికి ఎప్పుడైనా పన్ను గీరుకున్నా సరే, ఆటలో తగిలిందేలే అని వదిలేయకండి. పదిహేను నిమిషాలు ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితంగానే వేస్తారు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. కుక్కను ప్రేమించే ఇల్లు ఈ ఒక్క విషయంలో మొహమాటపడకూడదు.

షెల్టరు మాటకు నా సమాధానం ఖాయం. మిగిలిన రెండింటిలో ఏదన్నది మీ కుక్కే చెబుతుంది. ఈ రాత్రి పదకొండు గంటలకు ఒకసారి తలుపు తీసి చూడండి. అది మీ గేటు ముందే ఉందా? లేకపోతే టార్చి పట్టుకుని వీధి చివరి దాకా నడిచి, ఎవరి గుమ్మంలో ఉందో, దాని కింద ఎవరైనా ఏమైనా పరిచారో చూసి నాకు రాయండి.